కొండ మీది మ్యూజియంలో మన ఊళ్లకూ ఒక గది

నాగార్జునసాగర్ ముంపు ఊళ్లవాళ్లకీ, వాళ్ల పిల్లలకీ, మనవలకీ...

లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లేవాళ్లకు చెప్పేది ఒక్కటే: ఈ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉందని. నిజమే. ఆ నీళ్ల కిందే మన పొయ్యిలూ, చింతచెట్లూ, రచ్చబండలూ ఉన్నాయి. పుల్లారెడ్డిగూడెం లాంటి పేర్లు ఇప్పుడు కనబడేది తవ్వకాల రిపోర్టుల్లో, ఫలానా శిథిలం ఎక్కడుందో చెప్పే ఆనవాలుగా.

1954 నుంచి 1960 దాకా ఆ లోయను తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యాముకు శంకుస్థాపన చేశారు. నీళ్లు వచ్చేలోగా శిల్పాలను కొండ మీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను కొండ మీదా, అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని. రాళ్లను అంత శ్రద్ధగా మోసినందుకు మాకు తగువేమీ లేదు. ఆ మ్యూజియంలో మునిగిన లోయ నమూనా కూడా ఉంది. ఆ లోయలో కాపురమున్నవాళ్లు తమ సంగతి తామే చెప్పుకునే చోటు మాత్రం లేదు.

మేం అడిగేది ఆ చోటే. ఒక్క గది.

ఇలాంటి గది ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూద్దాం. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరాన డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. 1966లో దాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు. దాదాపు 60,000 మందిని వెళ్లగొట్టి ఇళ్లు కూల్చేశారు. 1994లో అక్కడి పాత చర్చిలో మ్యూజియం తెరిచి, నేల మీద పేట పటం పరిచారు. అప్పట్లో అక్కడున్నవాళ్లు వచ్చి, తమ ఇల్లున్న చోట తమ పేరు రాసుకున్నారు. మరో పక్క పొడుగాటి గుడ్డ. దాని మీద వాళ్లు రాసిన మాటలను, సిరా వెలిసిపోకుండా, తర్వాత దారంతో కుట్టారు. వర్ణవివక్ష వేరు, ప్రాజెక్టు వేరు. ఆ రెంటినీ ఒక గాటన కట్టడం లేదు. పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది.

అభిప్రాయాల పుస్తకంలో ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం పెట్టించుకోవడాన్ని జనభాగస్వామ్యం అనుకుంటే మనం మోసపోయినట్టే. సెల్ఫీ బోర్డూ అంతే. మైకు ముందు పెట్టి ‘మీ అనుభవం చెప్పండి’ అన్నా మన పెద్దవాళ్లకు నోరు పెగలదు. ‘ఏముంది నాయనా చెప్పడానికి’ అంటారు. అదే, దస్తావేజులో రాసినట్టు ‘మీ ఇంటికి నాలుగు హద్దులు చెప్పమ్మా’ అనండి. తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఉత్తరాన బజారా బావా, దక్షిణాన ఎవరి దొడ్డి? ఒక ఇల్లు చెబితే మూడిళ్లు బయటికొస్తాయి. పక్కనున్న ఇంకో పెద్దాయన ‘కాదు, అది మా మేనమామది’ అని సరిదిద్దుతాడు. ఆ వాదనలోంచే ఊరు లేస్తుంది. లంబాడీ తండాల హద్దులు ఆ తండాలవాళ్లే, వాళ్ల మాటల్లోనే చెప్పాలి. గదిలో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తేల్చే కమిటీలో సగం మంది ముంపు కుటుంబాలవాళ్లు ఉండాలి. వాళ్లను లాంచీ టిక్కెట్టు అడగకూడదు.

ఇది ఇక్ష్వాకుల మ్యూజియం, మీ ఇళ్ల గొడవ ఇక్కడెందుకని అనేవాళ్లుంటారు. అక్కడి శాసనాలే చదవమందాం. రాజు శాంతమూలుని తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యం దగ్గర స్తంభం నిలిపి పేరు చెక్కించుకుంది. ఉపాసిక బోధిసిరి తన దానశాసనంలో పుట్టింటివాళ్లనూ మెట్టినింటివాళ్లనూ వరసపెట్టి తలుచుకుంది. పేర్లు రాసుకోవడం ఆ లోయకు పదిహేడు వందల ఏళ్ల కింది అలవాటు.

మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. మనవాళ్లు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నారు. కాబట్టి అర్జీ మూడు చోట్లకు వెళ్లాలి. పటం, గుడ్డ, రికార్డరు: పెద్ద ఖర్చేమీ కాదు. కూడనిది ఆలస్యమే. శంకుస్థాపన నాడు పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై. ఈ వేసవిలో పెళ్లికో, తద్దినానికో ఇంటికి వెళ్లినప్పుడు ఫోను రికార్డింగులో పెట్టి వాళ్ల పక్కన కూర్చోండి.

ఈ కాగితం వెనక పక్క ఖాళీగా వదిలాం. పైన ఊరి పేరు, కింద హద్దులు. నింపి, అర్జీకి జతచేయడానికి ఇవ్వండి.

తూర్పు:
పడమర:
ఉత్తరం:
దక్షిణం: