సొంత ఊరు లేదని ఎవరన్నారు?

"మీది ఏ ఊరు?" అని అడిగితే మనలో చాలామందికి వెంటనే జవాబు రాదు. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి చదివింది ఇంకోచోట, ఇప్పుడు ఉంటున్నది మరోచోట. అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా ఇనప పెట్టె మీద పాత అడ్రసు కొట్టేసి కొత్తది రాస్తాం. "పాపం, వీళ్లకు సొంత ఊరంటూ లేదు" అని బంధువులు జాలిపడతారు. ఆ జాలి అవసరం లేదని మా అభిప్రాయం. అందుకు క్యూబా ద్వీపంలో పుట్టిన విఫ్రెడో లామ్ అనే చిత్రకారుడి జీవితమే మంచి ఉదాహరణ.

లామ్ 1902లో సాగువా లా గ్రాండే అనే పట్టణంలో పుట్టారు. ఆ ప్రాంతమంతా చెరకు తోటలు. తండ్రి చైనా నుంచి వలస వచ్చినవారు. తల్లిది ఆఫ్రికా, స్పెయిన్ మూలాలు కలిసిన కుటుంబం. ఆయన గాడ్‌మదర్ మాంటోనికా విల్సన్ ఆఫ్రికా దేవతలను కొలిచే పూజారిణి. 1923లో చిత్రకళ నేర్చుకోవడానికి లామ్ స్పెయిన్ వెళ్లారు. అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. 1938లో పారిస్ చేరి పికాసోకు స్నేహితుడయ్యారు. అక్కడికీ ప్రపంచ యుద్ధం వచ్చింది. చివరికి 1941లో క్యూబా తిరిగి చేరారు. అప్పటికి ఇల్లు విడిచి 18 ఏళ్లు.

ఆ తర్వాతే, 1942-43లో, ఆయన తన ప్రసిద్ధ చిత్రం 'అడవి' గీశారు. అది దాదాపు 8 అడుగుల ఎత్తు ఉంటుంది. పేరు అడవే గాని, అందులో కనిపించేవి చెరకు గడలు. వాటి మధ్య మనుషులో, దేవతలో, మొక్కలో చెప్పలేని ఆకారాలు నిలబడి ఉంటాయి. ముసుగుల్లాంటి ముఖాలు, గడల్లా పొడవైన కాళ్లు, పెద్ద పెద్ద పాదాలు. అనకాపల్లి వైపు పిల్లలకు తెలుసు, చెరకు తోట దానంతట అది పెరగదు. ఎవరో నాటాలి, ఎవరో నరకాలి. క్యూబాలో ఆ పనిని తరతరాలుగా ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చేయించారు. అక్కడ బానిసత్వం రద్దయింది 1886లో, అంటే లామ్ పుట్టడానికి 16 ఏళ్ల ముందే. తోట పచ్చదనంతో పాటు అక్కడ చెమటోడ్చిన మనుషులు కూడా ఆయనకు గుర్తున్నారు. విహారయాత్రికులు మెచ్చే అందమైన దృశ్యం ఆయన గీయలేదు.

ఇప్పుడు మన డ్రాయింగ్ పుస్తకాలు చూద్దాం. 'మన ఊరు' అనగానే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. రాజస్థాన్ ఎడారిలో మూడేళ్లు ఉన్నవారూ అదే గీస్తారు, అండమాన్ నుంచి వచ్చినవారూ అదే గీస్తారు. ఒంటెల గంటలు, పడవల రేవు, షిల్లాంగ్ వాన, రైల్వే క్వార్టర్స్ వెనక వేపచెట్టు మాత్రం ఏ కాగితం మీదా కనిపించవు. మార్కుల కోసం మనం చూడని ఊరు గీసి, చూసిన ఊళ్లను మరిచిపోతున్నాం.

బదిలీలో బాధ లేదని మేము అనడం లేదు. ఏడాది మధ్యలో స్నేహితులను వదిలి, కొత్త తరగతిలో వెనక బెంచీలో కూర్చోవడం కష్టమే. తాతగారి ఊరే మన ఊరు అనేవారి మాటనూ కాదనం. కాని ఊరు మనదవడానికి అక్కడే ఉండిపోనక్కర్లేదు. లామ్ తర్వాత మళ్లీ ఐరోపా వెళ్లిపోయారు, 1982లో పారిస్‌లో కన్నుమూశారు. అయినా ప్రపంచం ఆయనను క్యూబా చిత్రకారుడనే అంటుంది.

అందుకే మిత్రులారా, ఈసారి 'మన ఊరు' గీయమన్నప్పుడు మీరు నిజంగా ఉన్న ఒక ఊరిని గీయండి. కొండలు లేకపోయినా పరవాలేదు. ఉపాధ్యాయులకు కూడా ఒక మనవి. ఆ బొమ్మ కాస్త వంకరగా ఉన్నా, దయచేసి అది ఏ ఊరో అడగండి. చెప్పడానికి మా దగ్గర చాలా ఉంది.