నాలుగు ఆప్షన్లలో లేని జవాబు

నర్సింగ్ పోటీ పరీక్షల మోడల్ ప్రశ్నల పుస్తకాలను సాహిత్య విమర్శకులెవరూ పట్టించుకోరు. పట్టించుకోవాలి. ‘మంచి నర్సు’ అంటే ఎవరో వేలమంది ఆడపిల్లలు నేర్చుకుంటున్నది మన కథల్లోంచి కాదు, ఈ బిట్లలోంచే.

ఒక మామూలు ప్రశ్న. డిజాక్సిన్ ఇవ్వాల్సిన పేషెంటు నాడి నిమిషానికి 52. నర్సు మొదట ఏం చేయాలి? మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలి. జవాబు సరైనదే. పెద్దవాళ్లలో నాడి 60కి తగ్గితే ఆ మందు ఆపడం ప్రాణాలు కాపాడే జాగ్రత్త. నా తగాదా జవాబుతో కాదు, ప్రశ్న కట్టిన లోకంతో. అక్కడ ఒక నర్సు, ఒక పేషెంటు, కావలసినంత సమయం. పక్క మంచం దగ్గర సెలైన్ అయిపోదు. ఫోన్ చేయగానే డాక్టరు పలుకుతాడు. ప్రతి వాక్యానికీ కర్త నర్సే. యాజమాన్యం కర్తగా ఒక్క వాక్యమూ ఉండదు.

బోధనాసుపత్రుల్లో ముగ్గురు పేషెంట్లకి, మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఇదీ ఒక బిట్టే. దాన్ని బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయి రాత్రి డ్యూటీలో ముప్ఫైమందిని ఒంటరిగా చూడాల్సివస్తే అది ఎవరి తప్పు? ఆ బిట్టు నాకెక్కడా కనబడలేదు.

సరైన పేషెంటు, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. వీటిని ‘ఫైవ్ రైట్స్’ అంటారు. రైట్ అంటే హక్కు కూడా కదా! కానీ ఈ అయిదింటిలో నర్సు హక్కు ఒక్కటీ లేదు, అన్నీ ఆమె బాధ్యతలే. ఇంట్లో పాలు పొంగినా, వార్డులో మందు మారినా తప్పు ఆడదాని అజాగ్రత్తదేననే పితృస్వామ్య తర్కం ఇక్కడ శాస్త్రం వేషం కట్టింది.

ఈ తర్కం కోర్టుదాకా వెళుతుంది. 2017లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక నర్సు ఆందోళన తగ్గించే మందుకు బదులు కండరాల్ని స్తంభింపజేసే మందు ఇచ్చింది. పేషెంటు చనిపోయింది. మందుల యంత్రం చేసిన హెచ్చరికల్ని ఆమె దాటేసిన మాట నిజం. ఆ ఆసుపత్రిలో అలా దాటడం రోజువారీ వ్యవహారమేనన్న వాదనా విచారణలో వచ్చింది. అయినా 2022లో నేరస్థురాలిగా నిలబడింది ఆమె ఒక్కతే.

పరీక్షలు వద్దనడం లేదు. మోతాదు లెక్క తప్పే నర్సు ఎవరికీ అక్కర్లేదు. కానీ ప్రశ్నలు తయారుచేసేవాళ్లు ఇంకొక్కటి చేర్చాలి: ‘ఒక నర్సుకి ముప్ఫైమంది పేషెంట్లు. ఆసుపత్రి యాజమాన్యం మొదట ఏం చేయాలి?’ ఆ నాలుగు ఆప్షన్లు నర్సుల చేతే రాయించాలి.