వైవా బల్ల దగ్గర కులం

ఉన్నత సాంకేతిక విద్యాసంస్థల్లో కులవివక్ష చర్చకు వచ్చినప్పుడల్లా మన దృష్టి ప్రొఫెసర్ల మీద, హాస్టళ్ల మీద, పాలకవర్గాల మీద నిలుస్తుంది. కానీ బీటెక్ విద్యార్థికి వారం వారం ఎదురయ్యే అధికారం టీచింగ్ అసిస్టెంట్‌ది. ఫెలోషిప్ పొందే పరిశోధక విద్యార్థులు వారానికి కొన్ని గంటలు బోధనకు తోడ్పడటం ఆ సంస్థల్లో ఆనవాయితీ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివి వచ్చిన దళిత పరిశోధకుడిగా నేను కొన్ని సెమిస్టర్లుగా కెమికల్ ఇంజనీరింగ్ కోర్సుల్లో ఈ పని చేస్తున్నాను.

ట్యుటోరియల్ లెక్కలు చెప్పడం, జవాబుపత్రాలు దిద్దడం, ల్యాబ్ రికార్డులు చూడటం, వైవా అడగడం మా విధులు. రాతపరీక్షలో పొరపాటు కాగితం మీద కనిపిస్తుంది. విద్యార్థి దానిని చూపి ప్రశ్నించవచ్చు. వైవాకు ఆ సాక్ష్యం లేదు. హీట్ ఎక్స్ఛేంజర్ పక్కన నిలబెట్టి ఐదు నిమిషాలు అడిగిన ప్రశ్నలు ఎక్కడా నమోదు కావు. తడబడిన ఒకరికి చిన్న సూచన అందుతుంది. అలాగే తడబడిన మరొకరికి ‘సరే, వెళ్లు’ అన్న మాట దక్కుతుంది. ఆ తేడాకు కారణం ఇంగ్లిష్ ఉచ్చారణ కావచ్చు, ఇంటిపేరు కావచ్చు, ‘నీ ర్యాంకెంత?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు కావచ్చు. ఈ ప్రాంగణాల్లో ర్యాంకు అడగడమంటే మర్యాదగా కులం అడగడమే. మార్కులు సరిచూసుకునే గదిలో ‘కోటా బ్యాచ్’ అన్న మాట నేను పలుమార్లు విన్నాను.

ఇది కొత్త ఫిర్యాదు కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌పై 2007లో నివేదిక ఇచ్చిన థోరట్ కమిటీ ముందు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ప్రాక్టికల్, వైవా పరీక్షల్లోని పక్షపాతం గురించే చెప్పారు. 2023 ఫిబ్రవరిలో ఐఐటీ బాంబేలో కెమికల్ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థి, దళితుడైన దర్శన్ సోలంకి మరణించాడు. కుటుంబం కులవివక్షను ఆరోపించింది. సంస్థ నియమించిన కమిటీ చదువులో వెనుకబాటును ఎత్తిచూపింది. ఆ మరణానికి కారణాన్ని ఇక్కడ నేను తేల్చబోవడం లేదు. నా ప్రశ్న వేరు: వెనుకబాటును విద్యార్థి సొంత గుణంగా రాసి ముగించవచ్చా?

మేము బోధించే శాస్త్రమే అందుకు ఒప్పుకోదు. డిస్టిలేషన్ కాలమ్ నుంచి తగినంత శుద్ధమైన ఉత్పత్తి రాకపోతే ఇంజనీరు రిఫ్లక్స్ నిష్పత్తిని, ట్రేలను, రీబాయిలర్ వేడిని పరీక్షిస్తాడు. ఫీడ్ మారితే కాలమ్‌ను నడిపే తీరు మారుస్తాడు. ఫీడ్‌ను తిట్టి ఊరుకోడు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ద్రవ్యరాశి సమతుల్యత లెక్కలో ఆగిపోతే, చాలాసార్లు అతన్ని ఆపింది లెక్క కాదు, ప్రశ్నలోని ఇంగ్లిష్ వాక్యం. అదే లెక్కను తెలుగులో రెండు మాటల్లో విప్పి చెబితే మిగతాది తానే చేసుకుపోవడం నేను ప్రతి సెమిస్టర్‌లో చూస్తున్నాను.

ర్యాంకులు అడగవద్దని ఐఐటీ బాంబే 2023లోనే విద్యార్థులకు మార్గదర్శకాలిచ్చింది. మంచిదే, కానీ చాలదు. వైవా ప్రశ్నలు, వాటి మార్కులు ముందే రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి వైవాకు ఇద్దరు పరీక్షకులు ఉండాలి. జవాబుపత్రాలపై పేర్లకు బదులు కోడ్ ఉండాలి. టీచింగ్ అసిస్టెంట్‌కు గంటల లెక్కతో పాటు కులవివక్షపై శిక్షణ కూడా తప్పనిసరి కావాలి. ఫిర్యాదు చేసే దళిత, ఆదివాసీ పరిశోధకుల థీసిస్ గైడ్ దయ మీద వేలాడకుండా రక్షణ కావాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ పార్లమెంటులో కొత్త చట్టం అవసరం లేదు. విభాగ సమావేశంలో ఒక్క తీర్మానం చాలు. రిజర్వేషన్ విద్యార్థిని గేటు దాటిస్తుంది. ల్యాబ్‌లో అతనికి న్యాయం జరిగేదీ లేనిదీ తేల్చేది ఇలాంటి చిన్న నియమాలే. విద్యార్థి సంఘాలు వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా ఈ డిమాండ్లను విభాగాధిపతుల ముందు పెట్టాలి.