వైద్యుడా? విద్యార్థియా?

హబ్సిగూడ చౌరస్తాయందు నిలిచి నలుదిక్కులు పరికించువానికి ఈ నగరముయొక్క విజ్ఞానసంపద యంతయు ఒక్కచోట పోగుపడినట్లు తోచును. ఒకవంక భూమియొక్క కంపములను కొలుచు శాల. వేరొకవంక జీవకణముల లోగుట్టును శోధించు శాల. తార్నాకవైపు నడచినచో రసాయనములను పరీక్షించునది యొకటి, మన పళ్లెములోని అన్నమును తూచి అందలి సత్తువ యెంతయో చెప్పునది మరియొకటి. వీనికి చేరువనే ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఈ కొద్దిపాటి దూరములో ఇన్ని కొలతల గృహములున్నను, మన పెద్దాసుపత్రులలో రాత్రివేళ రోగుల నడుమ నిలిచియున్న పడుచు వైద్యుడు ఎన్ని గంటలనుండి మేలుకొనియున్నాడో కొలుచు గృహము మాత్రము మాకెందును గానరాలేదు.

ఆ తార్నాకలోనే రోడ్డు రవాణా సంస్థవారి ఆసుపత్రి గలదు. బస్సులు నడపు డ్రైవర్లును కండక్టర్లును వారి కుటుంబములవారును అచ్చట చికిత్స పొందుదురు. ఆ డ్రైవరును గూర్చి 1961లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దాని పేరు మోటారు రవాణా కార్మికుల చట్టము. దినమునకు 8 గంటలకు, వారమునకు 48 గంటలకు మించి అతనిచేత పని చేయింపరాదని అందు విధించిరి. దూరపు దారులలోను, పండుగలు మున్నగు సమయములలోను అనుమతి పొంది కొంత హెచ్చింపవచ్చుననిరిగాని, అదియును దినమునకు 10 గంటలు, వారమునకు 54 గంటలు దాటరాదనిరి. ఈ చట్టము ప్రతి డిపోలోను అక్షరాల నడచినదని మేమనము. అయినను దాని వెనుకనున్న న్యాయమును పామరుడు సైతము గ్రహింపగలడు. చక్రము పట్టినవాని కన్ను మూతపడినచో వెనుక కూర్చున్నవారి గతి యేమి?

డ్రైవరు విషయమున ఇంత తేటగా కనబడిన న్యాయము వైద్యుని విషయమున ఏల మసకబారవలెను? ఆజ్ఞలు లేకపోలేదు. 1992లో కేంద్ర ప్రభుత్వమువారు రెసిడెంటు వైద్యులకై చేసిన యేర్పాటులో వారమునకు 48 గంటలు, ఒక్క పట్టున 12 గంటలకు మించరాదని వ్రాసియున్నది. అనగా బస్సు నడుపువానికిని ప్రాణము నిలుపువానికిని వారపు లెక్క యొక్కటే. ఆ కాగితము కాగితముగానే యుండిపోయినది. 2023లో జాతీయ వైద్య కమిషనువారు పీజీ విద్యకు క్రొత్త నిబంధనలు చేసినప్పుడు అంకెయే మాయమై, "తగినన్ని" పనిగంటలు, "తగినంత" విశ్రాంతి అను మాటలు మిగిలినవి. తగినన్ని యనగా ఎవనికి తగినన్ని? 2024లో అదే కమిషనువారు నియమించిన సంఘమొకటి వైద్యవిద్యార్థుల మనోవ్యథను విచారించి, వారమునకు 74 గంటలకు మించి పని చేయింపవద్దనియు, వారమున కొకదినము సెలవియ్యవలెననియు సిఫారసు చేసినది. 48 గంటల యాజ్ఞ పుట్టిన 32 ఏండ్లకు 74 గంటలు దయాదానముగా కనబడుచున్నవనిన, నడుమ జరుగుచున్నది ఎంతయో చదువరులే ఊహింపవచ్చును.

మేము కన్నులార చూచిన దొకటి చెప్పుదుము. కడచిన వర్షకాలమున మా వీధిలోని యొక వృద్ధునకు ఊపిరాడకపోగా, తెల్లవారుజామున నాలుగు గంటలకు నగరములోని యొక ఆసుపత్రికి కొనిపోయితిమి. దాని పేరుతో మనకు పనిలేదు. అచ్చట వార్డంతటికి దిక్కుగా ఒక చిన్నది, ఇరువదియైదేండ్లు మించని వైద్యురాలు, మంచమునుండి మంచమునకు తిరుగుచుండెను. "తాతా, భయపడకు, మెల్లగ శ్వాస తీసుకో" యని ముసలివాని భుజము నిమిరి, ప్రాణవాయువు గొట్టము తానే అమర్చెను. ఆమె మాటలో విసుగు లేదు, చేతిలో తడబాటు లేదు. కాని మందుచీటీ వ్రాయునప్పుడు మా తాతగారి పేరునకు బదులు ప్రక్క మంచము రోగి పేరు వ్రాసినది. నర్సమ్మ చూచి చెప్పినది గనుక సరిపోయెను. "ఎప్పుడు వచ్చితివమ్మా?" యని యడిగితిమి. "నిన్న పొద్దున ఎనిమిదింటికి ఎక్కిన సార్, ఇవ్వాళ సాయంత్రం దాక ఉండాలె" నని బదులు వచ్చినది. పెద్ద డాక్టరుగారు లేరా యనగా, "ఫోనుల ఉన్నరు" అనెను. ఆ బిడ్డను తప్పుపట్ట మనసొప్పలేదు. ఆ నర్సమ్మ కన్నుకూడ ఆ క్షణమున మూతపడియుండినచో ఏమగునో యని యింటికి వచ్చినదాక మా గుండె కొట్టుకొనుచునేయుండెను.

ఇందలి చిక్కుముడి యొక్కటే. మన యాసుపత్రులలో ఈ పడుచువారికి రెండు పేళ్లున్నవి. పని పంచునప్పుడు వారు వైద్యులు. కూలి యడుగునప్పుడు, నిద్ర యడుగునప్పుడు, పడుకొన మంచము అడుగునప్పుడు వారు విద్యార్థులు. వైద్యులే యైనచో ఉద్యోగికిగల పనిగంటలు, నెల మొదటినాటి జీతము, కాపుదల వారికేల లేవు? విద్యార్థులే యైనచో రాత్రివేళ వారికి పాఠము చెప్పు గురువేడి? రెండు పేళ్లలో ఏది అనుకూలమైన నది వాడుకొని, రెండింటి ఋణమును ఎగవేయుట ఏ ధర్మమో మాకు తెలియదు.

ఈ గడ్డకు వైద్యము నేర్పుట క్రొత్త కాదు. 1846లో హైదరాబాదునందు వైద్యపాఠశాల వెలసినప్పుడు బోధన ఉర్దూలో సాగినది. పిల్లవానికి తెలిసిన భాషలో, రోగి ప్రక్కన నిలిపి నేర్పుట ఆనాటి పద్ధతి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడుటకు ముందే, 1917లో, తర్జుమా శాఖ నొకదానిని నెలకొల్పి వైద్యగ్రంథములను సైతము దేశభాషలోనికి తెచ్చిరి. తెలుగుబిడ్డల తెలుగున కచ్చట చోటు లేకపోయెనన్నది వేరొక బాధ, దానిని మరియొకప్పుడు ముచ్చటింతము. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట వైద్యకళాశాలలు మన క్యాంపస్ ఏలుబడినుండి తప్పుకొన్నవి. నేడు వరంగల్లునందలి కాళోజీవారి పేరిటి విశ్వవిద్యాలయము వానిని చూచుచున్నది. అధికారము ఎచ్చటనున్నను, గురువు శిష్యుని చేయి పట్టుకొని నేర్పవలసిన విద్య మాత్రము మారలేదు. సూది యెక్కడ గ్రుచ్చవలెనో పుస్తకము చెప్పును. ఎప్పుడు గ్రుచ్చకూడదో అనుభవశాలి ప్రక్కన నిలిచి చెప్పవలెను.

2024 జూను మాసమున మన జూనియర్ వైద్యులు సమ్మెకట్టిరి. స్టైపెండు నెలనెలా కాలము తప్పక చెల్లింపుడనియు, హాస్టళ్లు కట్టింపుడనియు, తమకు రక్షణ కల్పింపుడనియు, ఉస్మానియా ఆసుపత్రికి క్రొత్త భవనము కావలెననియు వారు కోరిరి. ఈ కోరికలలో దురాశ యెక్కడనున్నది? తాము చేసిన పనికి తమ సొమ్ము తమకు ఫలానా తేదీకి రావలెనని యడుగుటకు రోగులను విడిచి రోడ్డెక్కవలసివచ్చుట వారికి సిగ్గుకాదు, అట్టి స్థితి కల్పించినవారికి సిగ్గు.

దెబ్బలమాట మరియొకటి. 2020 జూనులో, కరోనా ప్రబలియున్న దినములలో, గాంధీ ఆసుపత్రియందు రోగి మరణించగా బంధువులు అచ్చటి వైద్యునిపై చేయిచేసికొనిరి. జూనియర్ వైద్యులు విధులు మానిరి. ఇట్టివారిని శిక్షించుటకు 2008లోనే ఉమ్మడి రాష్ట్రమున చట్టము చేసియుండిరి. మూడేండ్లవరకు జైలుశిక్ష పడవచ్చును. 2024 ఆగష్టులో కలకత్తా ఆసుపత్రిలో జరిగిన ఘోరము పిమ్మట సుప్రీముకోర్టువారే వైద్యుల రక్షణకై సంఘమొకటి నియమింపవలసివచ్చినది. చట్టములు మంచివే. కాని బంధువుల కోపము ఆ పడుచువానిపైననే ఏల పడుచున్నదో ఆలోచింతుము. మంచము లేకుండుట అతని నేరమా? మందు దొరకకుండుట అతని నేరమా? చేదువార్త నిదానముగా చెప్పవలసిన పెద్దవాడు ఆ వేళ అచ్చట లేడు. ఉన్నవాడు ఒక్కడే, వాడును నిద్రలేనివాడు. తుపాకి పట్టిన కావలివానికంటె, అట్టి వేళ ఒక పెద్ద వైద్యుని యుపస్థితి యెక్కువ రక్షణ యని మా నమ్మకము.

పెద్దలు కొందరు ఒక మాట యందురు: "మేము పడలేదా? అట్లు రాత్రింబగళ్లు నిలబడియే గదా నేర్చుకొంటిమి!" వారి కష్టమునకు మా నమస్కారము. అయినను తాను మోసిన బరువును కొడుకు మెడకు తగిలించుటయే వారసత్వ మగునా? ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు. 1984లో న్యూయార్కు నగరమున లిబీ జయాన్ అను పదునెనిమిదేండ్ల బాలిక ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటలలోనే మరణించినది. ఆమెను చూచినవారు చిరకాలము పనిలోనున్న పడుచు వైద్యులు. ఆమె తండ్రి పత్రికారచయిత, ఊరకుండలేదు. 1989నాటికి ఆ రాష్ట్రమున వారమునకు 80 గంటలు, ఒక్క పట్టున 24 గంటలు అను హద్దు వచ్చినది. ఆ విచారణ నడపినవారు గంటల హద్దుకంటెను పెద్ద వైద్యుని పర్యవేక్షణ ముఖ్యమని పట్టుబట్టిరి. ఈ మాట మనవారు చెవినబెట్టవలెను. 2004లో బోస్టనునందు ప్రకటించిన పరిశోధనలో, పాతపద్ధతి దీర్ఘపు డ్యూటీలలో శిక్షణవైద్యులు చేసిన తీవ్రమైన పొరపాట్లు, గంటలు తగ్గించిన పద్ధతిలోకంటె 36 వంతుల శాతము హెచ్చని తేలినది.

న్యాయముగా రెండవ పక్షమును చెప్పవలెను. రోగిని ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మాటిమాటికి మార్చినచో సంగతులు జారిపోవునను వాదమున సత్యము గలదు. తరువాత అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలు, ఒక్కొక్క డ్యూటీని కొంత పొడిగించినంతమాత్రమున రోగుల మరణములు హెచ్చలేదని చూపినవి. ఐతే ఆ పరిశోధనలన్నియు వారమునకు 80 గంటల హద్దులోపల జరిగినవని మరువరాదు. అప్పగింత సరిగా లేనిచో అప్పగింతను బాగుచేయవలెనుగాని, అప్పగించువానిని నిద్రలేకుండ నిలుపుట మందు కాజాలదు.

మన రాష్ట్రమున 2014లో ప్రభుత్వ వైద్యకళాశాలలు అయిదు మాత్రముండెను. 2024 నాటికి 34 అయినవి. జిల్లాకొక కళాశాల వచ్చుట సామాన్యమైన సంగతి కాదు, పేదవాని బిడ్డకు తన జిల్లాలోనే వైద్యవిద్య దొరకుట స్వరాజ్యఫలములలో నొకటి. కాని సీట్లు లెక్కించినంత శ్రద్ధగా గురువులను లెక్కించితిమా? అధ్యాపకులు చాలరని 2025లో జాతీయ వైద్య కమిషనువారు మన కళాశాలలలో పెక్కింటికి సంజాయిషీ తాఖీదులు పంపిరి. గోడలు ఒక్క యేటిలో లేచును. నేర్పుగల ఆచార్యుడు ఒక్క యేటిలో తయారుకాడు. పీజీ వైద్యులు మూడు మాసములు జిల్లా ఆసుపత్రిలో పనిచేయవలెనను నియమము కూడ 2021 మొదలు వచ్చినది, మంచి నియమమే. అచ్చట వారికి నేర్పువాడొకడు, తలదాచుకొన గది యొకటి ఉన్నప్పుడే అది శిక్షణ యగును, లేనిచో ఖాళీపోస్టునకు పూరణ.

మేము ఆకాశమును దింపుమనుట లేదు. ఉస్మానియా ఆసుపత్రి పాతకట్టడమును 2020 జూలైలో మురుగునీరు ముంచెత్తిన పిమ్మట ఖాళీ చేయించిరి. 2025 జనవరి 31న గోషామహలులో క్రొత్త భవనమునకు శంకుస్థాపన జరిగినది. ఆ భవనపు పటములలో ప్రతి వార్డునకు చేరువ రాత్రి వైద్యునికొక శుభ్రమైన గది, మంచము, స్త్రీలకు వేరుగా గడియగల తలుపు ఉన్నవో లేవో అధికారులు చూతురుగాక. స్టైపెండు పద్దును జీతముల పద్దుతోబాటే నెలమొదట విడుదల చేయుదురుగాక. ప్రతి విభాగమునను రాత్రివేళ ఒక పెద్ద వైద్యుడు ఫోనులో కాక మనిషిగా ఉండునట్లు వంతులు వేయుదురుగాక. మరియు, బస్సుడిపోలో ఎవరెప్పుడు ఎక్కి ఎప్పుడు దిగవలెనో పలకపై వ్రాసి వ్రేలాడదీసినట్లే, ఆసుపత్రి ముఖద్వారమున నేటి రాత్రి డ్యూటీలో నున్న వైద్యుని పేరు, అతడు ఎక్కిన గంట, దిగవలసిన గంట వ్రాసి యుంచుదురుగాక. సుద్దముక్కకును పలకకును ప్రత్యేకపు బడ్జెట్టు అక్కరలేదు. లోనికి పోవు ప్రతి రోగియు, రోగి బంధువును ఆ పలకను చదువుకొని, తరువాత వైద్యునితో మాటలాడవచ్చును.