మణికట్టుకు మించిన వాచీ

గజ ఈతగాళ్ల కోసం 1953లో రోలెక్స్ కంపెనీ తెచ్చిన సబ్‌మరీనర్ వంటి వాచీల్ని, వాటి నకళ్లనీ మన గిద్దలూరు కుర్రవాళ్లు కూడా కడుతున్నారు. కట్టండి, కాదనను. 44 మిల్లీమీటర్ల వాచీ సన్నని మణికట్టు అంచులు దాటితే మాత్రం చిక్కే. జారకుండా పట్టీ బిగిస్తారు. బొటనవేలి వైపు చర్మం కిందనే పోయే నరం నలిగి, ఆ వేలి వెనకభాగం తిమ్మిరెక్కుతుంది, మండుతుంది. పక్షవాతమేమోనని హడలిపోయేవారూ ఉన్నారు! పట్టీ కింద చిటికెనవేలు దూరేటట్టు వదులు చేయండి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మార్కాపురం పలకల పనివారు పనిలో వాచీ తీసేయడమే మేలు. దుమ్ము, చెమట చేరి చర్మం ఒరుసుకుంటుంది. తిమ్మిరి అరచేతిలో, రాత్రిళ్లు ఎక్కువైనా, చేతి పట్టు తగ్గినా తప్పు వాచీది కాదు. వెంటనే డాక్టరుకు చూపించి, చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి.