సగం మోకీలు మార్పిడి: రెండవ ఆపరేషన్ సంగతి ముందే అడగండి



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దవారు లేని వాడ అరుదు. ‘గుజ్జు అరిగింది, చిప్ప మార్చాలి’ అన్న మాటకు తోడు, ఇప్పుడు ‘మొత్తం అక్కరలేదు, సగం మారిస్తే చాలు’ అన్న సలహా కూడ వినిపిస్తున్నది. ఆ సలహా తప్పు కాదు. అయితే రోగికి అందులో సగం సంగతే చెబుతున్నారన్నది నా అభిప్రాయం.

మోకీలులో మూడు భాగాలుంటాయి: లోపలి వైపు, బయటి వైపు, చిప్ప వెనుక భాగం. అరుగుదల ఒక్క భాగానికే పరిమితమై, లిగమెంట్లు గట్టిగా ఉన్నప్పుడు ఆ భాగాన్ని మాత్రమే మార్చవచ్చు. కోత చిన్నది, కోలుకోవడం త్వరగా జరుగుతుంది. 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన బ్రిటన్ అధ్యయనం 528 మందిని పరిశీలించి, ఐదేళ్ల తరువాత రెండు పద్ధతుల ఫలితాలూ దాదాపు సమానమని, పాక్షిక మార్పిడికి ఖర్చు తక్కువని తేల్చింది.

ఇక చెప్పని సగం. బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలు ప్రతి కీలుమార్పిడినీ జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేస్తాయి. సంపూర్ణ మార్పిడి కంటే పాక్షిక మార్పిడికి రెండవ ఆపరేషన్ అవసరం ఎక్కువగా వస్తున్నదని ఆ లెక్కలు చూపుతున్నాయి. అమర్చిన లోహం సడలడం, మార్చని భాగం కూడ అరగడం, మధ్యనున్న ప్లాస్టిక్ ముక్క జారడం లేదా అరగడం, చీము పట్టడం ఇందుకు ముఖ్య కారణాలు. అరుదుగా చేసే సర్జన్ల చేతిలో ఈ ఇబ్బందులు అధికం. పాక్షికాన్ని సంపూర్ణంగా మార్చడం కొంత సులువు గనుక వైద్యులు రెండవ ఆపరేషన్‌కు త్వరగా సిద్ధపడతారన్నదీ నిజమే. కనుక భయపడనక్కరలేదు, తెలిసి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం గుంట మగ్గం మీద జీవించే కుటుంబానికి చెందిన ఒక పెద్దమ్మ నా వద్దకు వచ్చారు. పాక్షిక మార్పిడి జరిగి ఆరేళ్లు. ప్లాస్టిక్ ముక్క జారింది. ఆ ముక్క ఒక్కటే మార్చి చూడవచ్చు. కాని అదే కంపెనీది, అదే సైజుది కావాలి. ఆమె వద్ద కాగితమేదీ లేదు. ఆపరేషన్ చేసిన చోట పాత ఫైలు దొరకలేదన్నారు. చివరకు మొత్తం తీసి సంపూర్ణ మోకీలు అమర్చవలసి వచ్చింది. లోపం ఆమెది కాదు. ఆ కాగితం విలువ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందువల్ల మూడు మాటలు.

ఒకటి: ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి. ఏడాదికి ఇటువంటివి ఎన్ని చేస్తారు? మళ్లీ చేయవలసి వస్తే ఎక్కడ, ఎంత ఖర్చు? సర్కారు పథకం వర్తిస్తుందా?

రెండు: డిశ్చార్జి నాడు ఆపరేషన్ వివరాలు, ఎక్స్‌రే, ఇంప్లాంట్ పెట్టెపై ఉండే స్టిక్కర్లు అడిగి తీసుకోండి. పట్టాదారు పాసుపుస్తకం దాచినట్లే వాటిని దాచండి.

మూడు: మార్చిన మోకాలు మళ్లీ వాచినా, వేడెక్కినా, నొప్పి పెట్టినా ఊరిలో కీలులోకి సూది వేయించుకోవద్దు. ఆ సూదితోనే క్రిములు లోపలికి పోవచ్చు. కీలులోని నీరు పరీక్షించకముందే యాంటీబయాటిక్స్ మింగితే, ఏ క్రిమి ఉన్నదో పరీక్షలో దొరకకపోవచ్చు. నొప్పికి కారణం తేలకుండా రెండవ ఆపరేషన్‌కూ తొందరపడవద్దు; అటువంటి ఆపరేషన్ల తరువాత నొప్పి తగ్గనివారు ఎక్కువ.

ప్రభుత్వానికొక విన్నపం. 2007లో ఆరోగ్యశ్రీ మొదట అమలైన మూడు జిల్లాలలో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కీలు మార్పిడి జరిగిన ప్రతి ఒక్కరి పేరు, ఇంప్లాంట్ వివరాలు అక్కడ నమోదై, నిర్ణీత కాలానికొకసారి ఎక్స్‌రే తీసే ఏర్పాటు ఉండాలి. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు. ఒక రిజిస్టరు, వారానికొక పూట చాలు.

మోకాలు మార్చడంతో వైద్యం ముగియదు. అది నడిచినన్నాళ్లూ కనిపెట్టుకొని ఉండవలసిందే.