రిపోర్టు వచ్చిన మరునాడు

కొద్ది నెలల క్రితం జుమా నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి ఒక తల్లి మా గుమ్మం ముందు వేచి ఉంది. పక్కన ఐదేళ్ళ కొడుకు. వాడు మా వంక చూడలేదు. వసారాలోని చెప్పులన్నిటినీ ఒక వరుసలో పేర్చుకుంటూ కూర్చున్నాడు. ఆమె చేతిలో ఆసుపత్రి వారిచ్చిన కాగితం ఉంది. "ఆటిజం అని రాశారు మౌల్వీ సాబ్. మా అత్తగారు నజర్ తగిలిందంటున్నారు. ఆడబిడ్డ నేనే సెల్‌ఫోను ఇచ్చి పాడుచేశానంటోంది. ఆయన కువైట్ నుంచి ఫోను చేసి, మీ వైపు ఎవరైనా ఇలా ఉన్నారా అని అడుగుతున్నారు. ఏ దువా చదవాలో చెప్పండి" అంటూ ఏడ్చింది.

దువా చెప్పి పంపాము. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాగితం మీది మాట కన్నా, ఆ కాగితం ఇల్లు చేరాక అయినవారు అన్న మాటలే ఆమెను ఎక్కువగా కుంగదీశాయి. పిల్లవాడు నిన్న ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడు. మారింది మన చూపు. దాని గురించే ఈ వారం నాలుగు మాటలు రాయదలిచాము.

మనం చేసే మొదటి తప్పు తల్లిని నిందించడం. ఒకప్పుడు వైద్యులు కూడా ఈ తప్పు చేశారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు ఇటువంటి పిల్లల గురించి వివరంగా రాసిన తరువాత, తల్లి ప్రేమ కరువై ఇలా అవుతుందన్న వాదం చాలా ఏళ్ళు చలామణి అయింది. అది తప్పని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఒక టీకాకూ దీనికీ సంబంధం ఉండవచ్చన్న 1998 నాటి వ్యాసాన్ని, అచ్చువేసిన లండన్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. బిడ్డ మెదడు ఎదిగే తీరులో, చాలావరకు పుట్టుకకు ముందే, ఈ తేడా ఏర్పడుతుంది. వంశపారంపర్యానికి ఇందులో పెద్ద పాత్రే ఉంది. అది తండ్రి వైపు నుంచీ రావచ్చు, తల్లి వైపు నుంచీ రావచ్చు. కళ్ళ రంగు ఎవరి వైపు నుంచి వచ్చిందని కోడలిని నిలదీస్తామా? కుదురుగా కూర్చోలేని, మనసు నిలపలేని పిల్లలకు వైద్యులు చెప్పే ఏడీహెచ్‌డీ సంగతీ ఇంతే. అది పొగరు కాదు, పెంపకంలో లోపమూ కాదు.

దువా చేయవద్దని మేము అనము. మేమూ చేస్తాము. అయితే ఒంటెను ముందు కట్టి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్న దైవప్రవక్త (స) ఉపదేశం మనకు తెలియనిది కాదు. తావీజు కట్టి చికిత్స మానేయడం తవక్కుల్ అనిపించుకోదు. ఇక మిరపకాయల పొగ పెట్టడం, జిన్ను పట్టిందని పసివాణ్ణి కొట్టించడం జుల్మ్. ఆధునిక వేషంలోనూ మోసాలు ఉన్నాయి. ఆటిజాన్ని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే తగ్గుతుందనడానికి రుజువు లేదు. తల్లి గాజులు అమ్మించే ముందు ఇంటి పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండవ తప్పు దాచడం. "పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ సంగతి బయటికి పొక్కితే ఎలా?" అన్న భయం మన ఇళ్ళలో ఎంత బలమైనదో మాకు తెలుసు. ఆ భయంతో పిల్లవాణ్ణి వెనక గదిలో ఉంచుతారు. నేర్చుకోవలసిన విలువైన సంవత్సరాలు గోడల మధ్య గడిచిపోతాయి. నేరం ఆ తల్లిదండ్రులది మాత్రమేనా? పెళ్ళిచూపులకు వెళ్ళి, తమ్ముడు ఎలా ఉన్నాడో ఆరా తీసి, మారు మాట లేకుండా తిరిగి వచ్చేది మనమే. వాళ్ళు దాచేది మనకు భయపడే.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. మేము ఉస్తాదుగా చేరిన కొత్తలో మా మక్తబ్‌లో ఒక కుర్రవాడు ఉండేవాడు. నిమిషం కుదురుగా కూర్చునేవాడు కాదు. సబఖ్ సగంలో లేచి కిటికీ దగ్గరకు వెళ్ళేవాడు. బెత్తంతో కొట్టాము, గోడకుర్చీ వేయించాము. ఆరు నెలలకు చదువే మానేశాడు. ఇప్పుడు మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. ఎదురైతే సలాం చేస్తాడు. ఆ సలాం అందుకున్న ప్రతిసారీ మా తల వంగిపోతుంది. ఆ రోజుల్లో తెలియదని సర్ది చెప్పుకోవచ్చు. కానీ వాడు కావాలని చేయడం లేదని తెలుసుకోవడానికి వైద్యశాస్త్రం అక్కరలేదు, కాస్త ఓపికగా చూస్తే చాలు. అటువంటి పిల్లవాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టి, ఒకసారికి ఒకే పని చెప్పి, పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, మధ్యలో నీళ్ళు తెమ్మని పంపితే ఎంతో తేడా వస్తుంది. ఈ మాట అన్ని బడుల ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది. మందు అవసరమా కాదా అన్నది మాత్రం వైద్యులే తేల్చాలి.

మస్జిదు సంగతి చూద్దాం. దైవప్రవక్త (స) తన మనుమరాలు ఉమామాను ఎత్తుకొని నమాజు చేశారు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును కుదించారు. మనమేమో మైకు శబ్దానికి చెవులు మూసుకొని కేకపెట్టిన పిల్లవాణ్ణీ, వాడి తండ్రినీ కళ్ళతోనే బయటికి నెడుతున్నాము. ఆ తండ్రి మళ్ళీ మస్జిదు గడప తొక్కుతాడా? మైకుకు దూరంగా ఒక మూల ఆ తండ్రీకొడుకులకు చోటిస్తే మన నమాజుకు వచ్చే లోటేమిటి?

రిపోర్టు వచ్చాక కుటుంబం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాల గురించి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగాలి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఆటిజం ఒకటి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరలోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో విడిగా లేదు. కనుక ఆ పిల్లలకు ఉపాధ్యాయుని మనసే చట్టం.

ఇంకొక ముఖ్య విషయం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉండడం వల్లే మాట రాలేదని కొందరు భయపెడతారు. ఉర్దూ మానేయమంటారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట మరింత వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయి. తల్లి తనకు వచ్చిన భాషలోనే మాట్లాడాలి. రాని భాషలో ఆమె లాలిపాట ఎలా పాడగలదు? స్పీచ్ థెరపీలో నేర్పింది ఇంట్లో రోజూ చేయించాలి. వుజూ ఎలా చేయాలో వరుసగా బొమ్మలు గీసి కుళాయి పక్కన అంటిస్తే, మాటలతో నేర్వని పిల్లలు కూడా చూసి నేర్చుకోగలరు.

బంధువులకు మా మనవి ఒక్కటే. సలహాలు తగ్గించండి, పని పంచుకోండి. సర్టిఫికెట్ కోసం క్యూలో మీరు నిలబడండి. ఆదివారం రెండు గంటలు ఖాలా వచ్చి పిల్లవాణ్ణి చూసుకుంటే ఆ తల్లి కంటినిండా నిద్రపోతుంది. అన్నకో చెల్లెలికో తల్లి ఒడి కాసేపు దక్కుతుంది. దావతుకు పిలిచేటప్పుడు "వాణ్ణి కూడా తీసుకురండి" అని నోరారా అనండి. పరదేశంలో ఉన్న తండ్రులారా, డబ్బుతోపాటు ఒక మంచి మాట కూడా పంపండి.

ఆ తల్లి మొన్న మళ్ళీ వచ్చింది. పిల్లవాడు ఇంకా మాట్లాడడం లేదు. అత్తగారు మాత్రం వారానికి రెండుసార్లు తానే వాణ్ణి ఆటోలో థెరపీకి తీసుకువెళుతున్నారట. వాడు మళ్ళీ చెప్పులు పేర్చాడు. ఈసారి మేమూ పక్కన కూర్చొని ఒక జత అందించాము. తీసుకున్నాడు.

అల్లాహ్ ఈ పిల్లల తల్లిదండ్రులకు సబర్‌నూ, మనకు వారి భారం పంచుకునే మనసునూ ప్రసాదించుగాక. ఆమీన్.